పాలూ నెయ్యీ తగలకుండా బయట భోజనం చేయడం ఎలా?

నేను పుట్టుకతో శాకాహారిని. పాలు, పెరుగు, నెయ్యి మానేసి పదేళ్లు దాటింది. ఆడిట్ పని మీద నెలలో సగం రోజులు ఊళ్లు తిరుగుతాను కాబట్టి రెండు రాష్ట్రాల్లోనూ మెస్సులు, టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు, ఏసీ హోటళ్లు అన్నీ చూశాను. ఈమధ్య కొత్తగా పాలు మానేసిన కుర్రాళ్లు తరచూ తగులుతున్నారు. సంతోషమే. కానీ హోటల్లో కూర్చుని వాళ్లు ఆర్డరిచ్చే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. "ఇది వీగనేనా?" అని, అంటే పాల సరుకు కూడా లేనిదేనా అని అడుగుతారు. "ఆ సార్, ప్యూర్ వెజ్" అంటాడు సర్వరు. వీళ్లు నేతి తాలింపు వేసిన పప్పు కడుపునిండా తిని, తృప్తిగా చెయ్యి కడుక్కుని వస్తారు.

1. ఏం తినరో తేల్చుకోండి

పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, పనీరు, కోవా. ఈ ఏడూ నోటికి వచ్చి ఉండాలి. తేనె మీ ఇష్టం, దానిమీద నేను ఎవరితోనూ వాదన పెట్టుకోను. మీరు పాలు తినే మామూలు శాకాహారులే అయితే నెయ్యి గొడవ మీకు లేదు, నీచు తగలకుండా చూసుకోవడమే మీ పని. దాని సంగతి నాలుగో అంచెలో వస్తుంది.

2. సంచిలో పెట్టుకోవాల్సినవి

చిన్న డబ్బాలో కందిపొడి, చిన్న సీసాలో నువ్వుల నూనె, రెండు నిమ్మకాయలు, నాలుగు పల్లీ పట్టీలు. అంతే. కందిపొడిలోకి నెయ్యికి బదులు నువ్వుల నూనే వేసుకోవాలి. పల్లీ నూనె పరవాలేదు అనేవాళ్లు ఎప్పుడూ వేడన్నంలో కలుపుకుని చూసి ఉండరు.

3. కొట్టులో ప్యాకెట్టు చూడటం

ఇది తేలిక. అయినా జనం దీన్నే పెద్ద విద్యలా చెబుతుంటారు.

ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. కానీ పాలకూ తేనెకూ ఆ చుక్క వస్తుంది, కాబట్టి మనకది సగం సమాచారమే. మాంసాహారానికి ఒకప్పుడు గోధుమరంగు చుక్క ఉండేది, రంగులు తేడా తెలియని వాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయని దాన్ని త్రిభుజం చేశారు. గుడ్డు వేసినవి ఈ మాంసాహారం గుర్తు కిందికే వస్తాయి. పాలు కూడా లేని సరుకు కోసం కేంద్ర ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో విడిగా నిబంధనలు తెచ్చింది. ఆకుపచ్చ గడిలో చిన్న ఆకుతో ఇంగ్లిషు 'వి' అక్షరం, కింద వీగన్ అన్న మాట. ఆ గుర్తుంటే కళ్లు మూసుకుని కొనండి. లేనంత మాత్రాన పాలు ఉన్నట్టు కాదు. మరమరాల ప్యాకెట్టు మీద ఆ గుర్తు వేయించే ఓపిక ఏ వ్యాపారికి ఉంటుంది?

గుర్తు లేకపోతే పదార్థాల జాబితా మొదటి నుంచీ చదవకండి. ముందు దాని చివరికి వెళ్లండి. అలర్జీ ఉన్నవాళ్ల కోసం 'కంటెయిన్స్ మిల్క్' అన్న ముక్క అక్కడ ఉంటుంది. ఉంటే ప్యాకెట్టు తిరిగి అరలో పెట్టేయడమే. 'మే కంటెయిన్ మిల్క్' అంటే అదే ఫ్యాక్టరీలో పాల సరుకు కూడా తయారవుతుందని, నేను కొంటాను. అనుమానం వస్తే అప్పుడు జాబితాలో మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసీన్, బటర్ ఆయిల్ కోసం వెతకండి. కాఫీలో కలిపే 'నాన్ డైరీ' పొడిలో సోడియం కేసీనేట్ ఉంటుంది చూడండి, అది పాలలోంచి తీసిందే. పేరు చూసి మోసపోవద్దు. సోయా పాలు కావాలంటే డబ్బా మీద 'మిల్క్' అన్న మాట కోసం వెతకొద్దు. పశువు పాలు కానిదాన్ని అలా పిలవకూడదని రూలు, 'సోయా బెవరేజ్' అని ఉంటుంది.

ఇక పదార్థాల జాబితాలో కనిపించే 631 అనే నంబరు, రుచి పెంచడానికి వేసే ఒక పదార్థం కోడు. అది చేపల నుంచి తీస్తారని వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. చేపల నుంచీ తీయొచ్చు, పిండిపదార్థాల్ని పులియబెట్టీ తీయొచ్చు. ఆకుపచ్చ చుక్క వేశారంటే రెండోదే అయి తీరాలి. ఆ మెసేజీ మా పెదనాన్నగారు నాకు ఇప్పటికి నాలుగుసార్లు పంపారు.

మిఠాయి కొట్లో 'డాల్డాతో చేసింది' అంటే మొహం చిట్లించకండి. డాల్డా అంటే వనస్పతి, మొక్కల నూనెలోంచి వచ్చేది, మనకు అదే దిక్కు. నేతి అరిసెలు పక్కకు, డాల్డా అరిసెలు సంచిలోకి. నువ్వుండలు, జీళ్లు, పల్లీ పట్టీలు బెల్లం సరుకే. పూతరేకు మాత్రం ముట్టుకోవద్దు, పొర పొరకీ నెయ్యి రాస్తారు. మాడుగుల హల్వాలో వాడేది గోధుమ పాలే కదా అని ఒకాయన నాతో వాదించాడు. గోధుమ పాలే, నిజమే. దాన్ని నెయ్యి పైకి తేలేదాకా తిప్పుతారని ఆయనకు తెలియదు.

4. ఎక్కడ కూర్చోవాలి

'ప్యూర్ వెజ్' బోర్డు చూసి పరుగెత్తకండి. నీచు తగలకూడదు అనుకునేవాళ్లకి ఆ బోర్డు వరమే. పాలు మానేసినవాళ్లకి మాత్రం అది కష్టాల కొంప. అక్కడ నెయ్యి వేయడం గౌరవం, ఇంకొంచెం వేయడం ఇంకా గౌరవం. పొంగలి, ఉప్మా, బిసిబేళ బాత్, రవ్వ కేసరి, దేన్ని ముట్టినా వేలికి జిడ్డు తగులుతుంది.

నా మాట వింటే రోడ్డు పక్క టిఫిన్ బండి మేలు. నెయ్యి ధరే అక్కడ మనకు కాపలా. నలభై రూపాయల ప్లేటులో ఎవడూ నెయ్యి పోయడు. ఇడ్లీ, గారె, పునుగు, మిరపకాయ బజ్జీ, పల్లీ చట్నీ. మైసూరు బజ్జీ మాత్రం వద్దు, ఆ మైదా పిండిని పుల్ల పెరుగుతో కలుపుతారు. పదిమందిలో తొమ్మిదిమందికి ఈ సంగతి తెలియదు. కర్రీ పాయింట్లు కూడా మంచివే. గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, గోంగూర, పులుసులు, అన్నీ నూనె వ్యవహారమే.

రెండు రకాలూ వండే హోటలైతే మూడింటికి దణ్ణం పెట్టేయండి. వెజ్ మంచూరియా చికెన్ వేగిన బాణలిలోనే వేగుతుంది. వెజ్ సూపుకి ఏ నీళ్లు పోశారో వంటవాడికే తెలియాలి. మూడోది కుష్కా. ముక్కలు లేని బిర్యానీ అన్నం శాకాహారం ఎలా అవుతుంది, ఆ ముక్కలు ఉడికిన గిన్నెలోంచి తీసిందే కదా! అసలు వెజ్ బిర్యానీలో కూడా పెరుగు ఉంటుంది, పైన నెయ్యి ఉంటుంది. పక్కన పెట్టే మిర్చీ కా సాలన్ మాత్రం పల్లీలు, నువ్వులు, చింతపండుతో చేస్తారు. తెల్లన్నం తెప్పించుకుని అది కలుపుకోండి, బిర్యానీని మరిచిపోతారు.

విమానం ఎక్కేవాళ్లకి ఒక్క మాట. టికెట్ కొన్నాక ఒక రోజు ముందే భోజనం రకం ఎంచుకోవాలి. 'హిందూ మీల్' అని ఉంటుంది, మన అమ్మానాన్నలు అమెరికా వెళ్తూ భక్తిగా అదే ఎంచుకుంటారు. అందులో కోడో మేకో రావచ్చు, గొడ్డుమాంసం ఉండదన్న హామీ మాత్రమే అది. శాకాహారులు ఏవీఎంఎల్ అన్న కోడు ఉన్న భోజనం అడగాలి, పాలు కూడా వద్దనుకుంటే వీజీఎంఎల్ కోడు.

5. అడగడం

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా నేర్చుకుంటారు. తప్పంతా ఇక్కడే జరుగుతుంది, అందుకే నిదానంగా చదవండి.

'వీగన్' అన్న మాట వాడొద్దు. సర్వరుకి తెలియదని కాదు, తెలిసినా వంటింటికి వెళ్లేలోపు అది 'వెజ్' అయిపోతుంది. మీరు తినని సరుకుల పేర్లు విడివిడిగా చెప్పండి. 'పాల పదార్థాలు' అన్నా చాలదు. మన జనానికి పాల పదార్థం అంటే కోవా, పనీరు. నెయ్యి ఆ లెక్కలోకి రాదు, అది నెయ్యి అంతే.

రెండోది ఇంకా ముఖ్యం. ఔనో కాదో చెప్పమనే ప్రశ్న వేయకండి. "నెయ్యి వేస్తారా?" అంటే మీకు కావాలేమో అనుకుని "అసలైన నెయ్యే సార్" అంటాడు. "నెయ్యి వేయరు కదా?" అంటే "వేయం సార్" అంటాడు. వంటకం ఒకటే, మనిషి ఒకడే. అబద్ధం చెప్పాలని కాదు పాపం, మీ గొంతులో ఏ జవాబు వినపడితే అది మీ చేతిలో పెడుతున్నాడు. అందుకని ఇలా అడగండి: "పప్పుకి తాలింపు దేంతో పెడతారు?" ఈ ప్రశ్నకి ఊహించి చెప్పడం కుదరదు. తెలిస్తే చెబుతాడు, తెలియకపోతే లోపలికి వెళ్లి అడిగి వస్తాడు. అతను ఆ రెండు నిమిషాలు లోపలికి వెళ్లాడంటే మీరు సరిగ్గా అడిగినట్టే.

ఈ పాఠం నాకు ఎలా వచ్చిందో చెబుతాను. పాలు మానేసిన మొదటి ఏడాది, గుంటూరులో ఒక మెస్సు. నెయ్యి వద్దని కూర్చోగానే చెప్పాను. పెద్దాయన, చాలా మర్యాదగా విన్నాడు. నేతి గిన్నె పట్టుకొచ్చిన కుర్రాణ్ణి నా దాకా రానివ్వలేదు కూడా. దోసకాయ పప్పు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది.

"నెయ్యి వేశారు కదండీ ఇందులో?"

"మీకు వేయలేదు సార్, చూశారుగా!"

"పప్పులో?"

"పప్పులోనా..." అని ఒక్క క్షణం ఆగి, "అది పొద్దున్నే పెట్టేస్తారు సార్ తాలింపు, నేతి తాలింపే" అన్నాడు. నేనేదో ఘనకార్యం కనిపెట్టినట్టు మెచ్చుకోలుగా చూశాడు కూడా.

ఆయన తప్పేమీ లేదు. పైన వడ్డించే నెయ్యి వేరు, లోపల పడ్డ నెయ్యి వేరు. 'నెయ్యి వద్దు' అంటే వాళ్లకి వినపడేది మొదటిదే. రెండోదాని గురించి మీరే విడిగా అడగాలి, వంటకం పేరు పెట్టి అడగాలి. పప్పు, రసం, పొంగలి, కొబ్బరన్నం తాలింపు గురించి. కుర్మా, రవ్వ దోసె పిండిలో పెరుగో మజ్జిగో కలిపారా అని. నాన్ అయితే అడగనే అక్కర్లేదు, పాలో పెరుగో ఉంటుంది. తందూరీ రొట్టె వెన్న రాయకుండా తెమ్మనండి. పప్పు పక్కన పెట్టే ఊరమిరపకాయలు కూడా మనవి కావు. వాటికి కొన్ని చోట్ల చల్ల మిరపకాయలు అని పేరే ఉంది, ఇంకేం చెప్పాలి.

ఎప్పుడు అడగాలన్నది ఇంకో సంగతి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, చేతిలో నాలుగు ప్లేట్లున్న మనిషిని ఆపి తాలింపుల గురించి ఆరా తీస్తే ఎవరికైనా విసుగే. పన్నెండుకల్లా వెళ్లండి. టోకెన్ తీసుకునే చోట్ల కౌంటర్లో అబ్బాయిని అడిగి లాభం లేదు, అతనికి ధర తప్ప తెలియదు. టోకెన్ తీసుకునే ముందే పెనం దగ్గరికి నడవండి. "అన్నా, నాది నూనెతో కాల్చు, వెన్న వద్దు, కారప్పొడి మీద నెయ్యి వద్దు" అని దోసెల మాస్టరుకే చెప్పండి. అతను నీళ్లు చిలకరించి పెనం ఊడ్చేదాకా అక్కడే నిలబడండి. మన ముందు కాల్చినది వెన్న దోసె అయ్యుంటుంది కదా.

కారణం అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. ఆవులు, దూడలు, డెయిరీల గురించి ఉపన్యాసం మొదలుపెట్టకండి, పక్క టేబుల్ వాళ్ల పెరుగన్నం చల్లారిపోతుంది. నా మిత్రుడొకడు "దీక్షలో ఉన్నాను" అంటాడు. అది పనికిరాదు, దీక్షలో పాలు తాగొచ్చని అందరికీ తెలుసు. ఒకసారి వాడికి భక్తితో ప్రత్యేకంగా పాయసం తెచ్చి పెట్టారు. "పాలు నాకు పడవు" అనండి. 'పడదు' అనే మాటకి మన దగ్గర ఉన్న విలువ ఏ సిద్ధాంతానికీ లేదు. వంటింట్లో కూడా దాన్ని గౌరవిస్తారు. అబద్ధం కదా అంటారేమో. పదేళ్లుగా ముట్టనిది ఒంటికి పడుతుందో లేదో ఎవరు చూడొచ్చారు?

ప్రసాదం దగ్గర మాత్రం ఈ ప్రశ్నలేవీ వేయకండి. అన్నవరం ప్రసాదంలో నెయ్యి ఉందా అని అడిగే మనిషి పక్కన నేను నిలబడను. కళ్లకద్దుకుని ఇంట్లోవాళ్లకి పట్టుకెళ్లండి.

6. వడ్డన

అన్నీ చెప్పి కూర్చున్నా సరే, విస్తరి ముందు ఏమరుపాటు పనికిరాదు. అన్నం పడగానే పొడి వేసేవాడి వెనకే నేతి గిన్నెవాడు వస్తాడు. అతను మీ మొహం చూడడు, విస్తర్లో అన్నం మాత్రమే చూస్తాడు. నోటితో వద్దనేలోపు గరిటె వంగిపోతుంది. అన్నం మీద అరచెయ్యి అడ్డం పెట్టండి, ఎడమ చెయ్యి కాదు, కుడిదే. గరిటె ఆగాక అప్పుడు చెప్పండి.

తర్వాత పెరుగు. నెయ్యి వద్దంటే ఒంటికి మంచిదని వదిలేస్తారు. పెరుగు వద్దంటే మాత్రం ఊరుకోరు. కప్పు పట్టుకుని అలాగే నిలబడి, "మరి ఆఖర్న ఏం కలుపుకుంటారు సార్?" అని నిజమైన బాధతో అడుగుతారు. ఇంకో గరిటె అన్నం, మళ్లీ రసం పోయమనండి, నిమ్మకాయ మీ సంచిలోనే ఉంది.