నిద్ర పట్టని అవ్వలకు, తాతలకు మణికట్టు ఎట్లా నొక్కాలి

నల్గొండలో ఒక వృద్ధాశ్రమంలో నాది నైట్ డ్యూటీ. తొమ్మిది దాటితే చాలు, "బిడ్డా, నిద్ర గోలి ఇయ్యి" అని ఏదో ఒక మంచం నుంచి పిలుపు. డాక్టర్ రాయనిదే గోలి ఇవ్వలేను. ఇచ్చినా, ఆ మత్తులో బాత్రూంకు లేచి పడితే తుంటి విరుగుతుంది. అందుకే ముందు మణికట్టు నొక్కి చూస్తాను.

అరచెయ్యి పైకి ఉండేలా చేతిని దిండు మీద పెట్టించండి. గాజులు తీయమంటే ఏ అవ్వా ఒప్పుకోదు, మోచేతి వైపు జరిపితే సరిపోతుంది. మణికట్టు ముడత మీదుగా చిటికెన వేలి వైపు వెళ్తే తాడులాంటి గట్టి స్నాయువు ఒకటి తగులుతుంది. దానికి పక్కనే, బొటనవేలి వైపు, చిన్న గుంట ఉంటుంది. చైనా వైద్యంలో దాన్ని షెన్‌మెన్ అంటారు. బొటనవేలి మెత్తని భాగంతో, గోరు తగలకుండా, వాళ్లు ఊపిరి వదిలేటప్పుడు నొక్కి, పీల్చేటప్పుడు వదలాలి. ఒక్కో చేతికి రెండు మూడు నిమిషాలు చాలు. "అబ్బా" అన్నారంటే బలం ఎక్కువైనట్టే. ఒక చెయ్యి అయ్యేసరికే గురక మొదలైతే రెండో చెయ్యి కోసం లేపకండి.

మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లలో కొందరికి ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయాయి. వాళ్ల అరచెయ్యి పూర్తిగా తిరగదు. బలవంతంగా తిప్పొద్దు. చెయ్యి ఎట్లుంటే అట్లనే ఉంచి, నేనే మంచం అవతలికి వెళ్లి కూర్చుంటాను.

డయాలసిస్ ఫిస్టులా (రక్తం శుద్ధి చేయడానికి ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతిని అసలు నొక్కకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు కాస్త ఒత్తినా చర్మం కమిలిపోతుంది, డాక్టర్‌ను అడగనిదే మొదలుపెట్టొద్దు. ఒక కాలే వాచి వేడిగా ఉంటే పిక్క పిసకమని బతిమాలినా పిసకకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే నర్సుకు చెప్పాలి.

తైవాన్‌లో వృద్ధాశ్రమాల్లోనే ఇట్లా నొక్కి చూశారు, నిద్ర మెరుగైందని రాశారు. అవి చిన్న అధ్యయనాలే. దీన్ని నమ్ముకొని ఉన్న మందులు ఆపేయొద్దు.

ఇంకోటి. మధ్యాహ్నం మూడు గంటలు పడుకుని, సాయంత్రం ఆరింటికి చాయ్ తాగిన తాతకు ఎంత నొక్కినా లాభం లేదు. చాయ్ ఇంకా ముందే ఇచ్చేయండి. మూత్రానికే మాటిమాటికీ లేస్తుంటే, నీళ్ల గోలి (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు) పొద్దున్నే వేయొచ్చా అని డాక్టర్‌ను అడగండి.