చిచెన్ ఇట్సాకి ఒక్కరోజు ప్రయాణం ఎలా చేయాలి? ముందు గడియారం సంగతి చూడండి

నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి డాలస్ నుంచి మెక్సికోలోని కాన్కున్ వెళ్ళే ఏ విమానం ఎక్కినా వెనక సీట్లోంచి తెలుగు వినిపిస్తుంది. నాలుగు రోజులు సముద్రం ఒడ్డున పడుకుని, ఐదో రోజు "అన్నట్టు ఇక్కడెక్కడో మాయన్ల పిరమిడ్ ఉందటగా" అని గుర్తుతెచ్చుకుని, హోటల్ లాబీలో కనిపించిన మొదటి టూరుకి డబ్బు కట్టేస్తారు. ఆ పిరమిడ్ ఉన్న శిథిల నగరమే చిచెన్ ఇట్సా, మాయన్లంటే దాన్ని కట్టిన అక్కడి ప్రజలు. తిరిగొచ్చాక "ఏముందండీ, ఎండా, జనం, టోపీలమ్మేవాళ్ళు" అంటారు. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్తే ఇంకేం కనిపిస్తుంది? అత్తగారి దగ్గర్నుంచి ఆఫీసువాళ్ళ దాకా చాలామందిని నేను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒకే తప్పు అందరూ చేస్తుంటే చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

వెంట తీసుకెళ్ళాల్సినవి

పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాగానీ గ్రీన్‌కార్డుగానీ ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపింగ్ గడువు దాటిపోయిన హెచ్-1బి వాళ్ళు మాత్రం టికెట్టు కొనకముందే ఆలోచించుకోండి. టోపీ, పొడుగు చేతుల పలుచని నూలు చొక్కా, బూట్లు, మనిషికి రెండు సీసాల నీళ్ళు, ఈత బట్టలు, తువ్వాలు, పెసోల్లో నగదు. అంతే. డ్రోన్, ట్రైపాడ్ లోపలికి రానివ్వరు, హోటల్లో వదిలేయండి. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు పులిహోర డబ్బా, చేగోడీల సంచీ మోసుకొస్తారు కొందరు. కారులో తినండి, శిథిలాల మధ్య కాదు.

సన్‌స్క్రీన్ రాసుకోకండి. ఎందుకో సెనోటే (అక్కడి సహజమైన బావి) దగ్గరికి వచ్చాక చెప్తాను.

బండి, గైడు

కారు అద్దెకి తీసుకుంటే 180డి టోల్ రోడ్డు మీద వెళ్ళండి. కాన్కున్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. రెండు పక్కలా అడవి తప్ప ఏమీ ఉండదు, పెట్రోలు బంకులు కూడా అరుదు. ట్యాంకు నింపుకునే బయల్దేరాలి. బంకులో మీటరు సున్నా దగ్గర ఉందో లేదో దిగి చూసుకోండి, ఈ మాట మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. టోల్ లేని పాత 180 రోడ్డు ఊళ్ళ మధ్యలోంచి పోతుంది. ఊరూరా "తోపె" అనే స్పీడ్‌బ్రేకర్లు. అవి కూడా మన ఊరివాటిలాగే చెప్పాపెట్టకుండా వస్తాయి.

2023 డిసెంబరులో మొదలైన మాయా రైలుకి చిచెన్ ఇట్సాలో స్టేషన్ ఉంది. రైలు బాగానే ఉంది కానీ స్టేషన్లో దిగి మళ్ళీ ఇంకో బండి ఎక్కాలి. నేను చెప్పే పద్ధతికి రైలు పనికిరాదు.

గైడుని గేటు దగ్గరే మాట్లాడుకోండి. మెడలో ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉంటుంది, ఏ భాషలు వచ్చో దాని మీదే రాసి ఉంటుంది. ధర మనిషికి కాదు, గుంపుకి. ఆరుగురు కలిసి వెళ్తే తలా కొంచెమే పడుతుంది. గైడు లేకుండా తిరగొద్దు. ఫోన్లో చదువుకుంటూ తిరిగినవాళ్ళకి రాళ్ళు మాత్రమే కనిపిస్తాయి.

గంటల లెక్క: అందరూ బోర్లా పడేది ఇక్కడే

కాన్కున్ ఉన్నది కింతానా రో రాష్ట్రంలో. చిచెన్ ఇట్సా ఉన్నది యుకటాన్ రాష్ట్రంలో. ఈ రెండింటికీ గంట తేడా. కాన్కున్‌లో ఎనిమిదైతే చిచెన్ ఇట్సాలో ఏడు. కింతానా రో 2015లో తన గడియారాన్ని ముందుకు జరుపుకుంది. పర్యాటకులకి సాయంత్రం ఇంకో గంట వెలుతురు ఉండాలని. 2022లో మెక్సికో దేశంలో చాలాచోట్ల వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి తీసేశారు కాబట్టి ఏడాది పొడుగునా ఇదే తేడా.

గేటు తెరిచేది ఉదయం 8కి, యుకటాన్ టైము ప్రకారం. అంటే కాన్కున్ టైము 9. ఈ గంట మీకు ఊరికే దొరికిన గంట. దీన్ని కాపాడుకోవడమే ఈ ప్రయాణమంతట్లోకీ ఏకైక కష్టమైన పని. కాన్కున్‌లో ఐదున్నరకి బయల్దేరితే మధ్యలో ఒకసారి ఆగినా యుకటాన్ టైము ఏడుంబావుకల్లా గేటు ముందుంటారు. తిరుమలలో సుప్రభాతానికి అర్ధరాత్రి దాటగానే లేచేవాళ్ళం, ఇక్కడ ఐదింటికి లేవలేమా?

డాలస్‌వాళ్ళకి ఇందులో ఇంకో మెలిక ఉంది. చలికాలంలో డాలస్ టైమూ యుకటాన్ టైమూ ఒకటే. ఎండాకాలంలో డాలస్ టైమూ కాన్కున్ టైమూ ఒకటే. కిందటిసారి వేసవిలో వెళ్ళినవాడు "అక్కడ మన టైమేరా" అని వాట్సాప్ గ్రూపులో పెడతాడు. నవంబరులో వెళ్ళేవాడు అది నమ్ముతాడు. కొంప మునుగుతుంది.

ఫోను దానంతటదే టైము మార్చుకుంటుందని ధీమాగా ఉండకండి. రోడ్డు పొడుగునా సిగ్నల్ ఉండదు. ఒక ఫోను మారుతుంది, ఇంకొకటి మారదు, కారు గడియారం అసలే మారదు. ఒకసారి మా గుంపులో ముగ్గురి ఫోన్లు రెండు రకాలుగా చూపించాయి. "పదిన్నరకి కారు దగ్గర కలుద్దాం" అనుకుని విడిపోయాం. ఇద్దరు పార్కింగులో గంటసేపు ఎండలో నిలబడి, నా మీద అలిగి, సాయంత్రం దాకా మాట్లాడలేదు. అప్పట్నుంచీ నా నియమం ఒకటే: చేతికి మామూలు ముళ్ళ గడియారం కట్టుకుని, ముందు రాత్రే దాన్ని యుకటాన్ టైముకి తిప్పేసుకుంటాను. రోజంతా ఆ గడియారమే మాట్లాడుతుంది, మిగతావి నోరు మూసుకుంటాయి.

టూరు బస్సులో వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టేముందు మూడు సంగతులు అడగండి. శిథిలాల దగ్గరికి ఎన్నింటికి చేరుస్తారు, అది ఏ రాష్ట్రం టైము? దారిలో ముందు ఎక్కడెక్కడ ఆపుతారు? ప్రవేశ టికెట్టు ధరలో కలిసే ఉందా? "పొద్దున్నే ఏడింటికి పికప్" అన్న మాటకి మురిసిపోవద్దు. ఏడింటికి ఎక్కేది మీరు. ఆ తర్వాత బస్సు ఇంకో ఐదారు హోటళ్ళు తిరిగి, దారిలో "మాయన్ గ్రామం" అనే దుకాణం ముందు ముప్పావుగంట ఆపి, టకీలా రుచి చూపించి, అప్పుడు తీసుకెళ్తుంది. మేం అలా ఒకసారి వెళ్తే చేరేసరికి యుకటాన్ టైమే పదకొండు దాటింది. పిరమిడ్ ముందు గొడుగుల సముద్రం, నీడనిచ్చే చెట్టు కింద ఇంకో గుంపు. ముందు సెనోటేకీ భోజనానికీ తీసుకెళ్ళి, తర్వాత శిథిలాలు చూపిస్తామనే టూరు అయితే అడుగు కూడా బయట పెట్టకండి.

అసలు నన్నడిగితే ముందు రాత్రి వయదోలిద్ అనే ఊళ్ళో పడుకోవాలి. శిథిలాలకి 45 కిలోమీటర్ల లోపే, అక్కడిదీ యుకటాన్ టైమే. ఈ లెక్కలన్నీ మాయం. ఏడింటికి కాఫీ తాగి బయల్దేరవచ్చు. కాన్కున్ హోటల్‌కి ముందే డబ్బు కట్టేశాం, ఒక రాత్రి దండగ అంటారు. అవును, దండగే. ఆ దండగతోనే మొదటి గంటసేపు ఖాళీ పిరమిడ్ దొరుకుతుంది.

ఆదివారం మాత్రం వెళ్ళకండి. మెక్సికో పౌరులకి ఆ రోజు ఉచితం. వాళ్ళ తాతల కట్టడం, వాళ్ళు హాయిగా చూసుకోనివ్వండి.

టికెట్టు

రెండు చెల్లింపులు ఉంటాయి. ఒకటి కేంద్ర ప్రభుత్వ పురావస్తు సంస్థకి, రెండోది యుకటాన్ రాష్ట్రానికి. మోసం చేస్తున్నారని కౌంటర్లో గొడవపడొద్దు. రెండూ కలిపితే విదేశీయులకి బాగానే పడుతుంది, ధర తరచూ మారుతుంది. కార్డు మిషను మొరాయిస్తే పెసోలు చేతిలో ఉండాలి.

లోపల ఏ వరసలో చూడాలి

లోపలికి వెళ్ళగానే కుకుల్కాన్ పిరమిడ్ ఎదురుగా కనిపిస్తుంది. జనం రాకముందే ఫొటోలు తీసేసుకోండి, పది నిమిషాలు చాలు. నాలుగు వైపులా 91 మెట్లు చొప్పున 364, పైన గుడి గడప ఒకటి, మొత్తం 365. ఎక్కనివ్వరు. 2006లో ఒక పర్యాటకురాలు జారిపడి చనిపోయాక ఎక్కడం ఆపేశారు. మెట్లకి ఎదురుగా నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. ప్రతిధ్వని పిట్ట కూసినట్టు వస్తుంది, మాయన్లకి పవిత్రమైన కెట్సాల్ పక్షి కూత అంటారు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్టు పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తే నోరెళ్ళబెట్టిన వాళ్ళమే కదా. అక్కడ శబ్దం పైకి చేరుతుంది, ఇక్కడ రూపం మార్చుకుని వెనక్కి వస్తుంది. పదింటికి వెళ్తే యాభైమంది ఒకేసారి చప్పట్లు కొడుతుంటారు, పిట్టా ఉండదు పాటా ఉండదు.

తర్వాత బంతాట మైదానం. 168 మీటర్ల పొడుగు, 70 మీటర్ల వెడల్పు. గోడలకి చాలా ఎత్తున రాతి కడియాలు, వాటిలోంచి రబ్బరు బంతిని తుంటితో కొట్టి పంపాలట. గోడ కింద చెక్కడం వదలకండి: తల తెగిన ఆటగాడి మెడలోంచి నెత్తురు పాములై చిమ్ముతుంటుంది. పక్కనే పుర్రెల వేదిక. అక్కణ్ణుంచి తెల్లదారి పట్టుకుని పవిత్ర సెనోటేకి నడవండి. చిచెన్ ఇట్సా అంటేనే "ఇట్సా జనుల బావి ముఖద్వారం". ఆ బావి చూడకుండా వెనక్కి తిరిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక్కడే గైడుకి పరీక్ష పెట్టండి. "ఈ బావిలో కన్యల్ని బలిచ్చేవాళ్ళు" అని మొదలెట్టి అక్కడితో ఆగిపోతే, ఆయన కొత్తగా ఏమీ చదవలేదన్నమాట. ఈ బావికి దగ్గర్లోని ఒక భూగర్భ తొట్టిలో దొరికిన 64 మంది పిల్లల ఎముకల్ని డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అందరూ మగపిల్లలేనని తేలింది. వాళ్ళలో కవలలు కూడా ఉన్నారు. ఈ సంగతి 2024లో బయటికొచ్చింది. అది విన్న గైడు, విననట్టు నటించే గైడు ఇద్దరూ నాకు తగిలారు.

తిరుగుదారిలో యోధుల గుడి, వేయి స్తంభాలు. ఆఖర్న దక్షిణం వైపు కారకోల్, గుండ్రటి గోపురంతో ఉన్న ఖగోళ వేధశాల. శుక్రగ్రహాన్ని ఇక్కణ్ణుంచి గమనించేవాళ్ళంటారు. గుంపులు ఇంతదూరం రావు, చెట్ల నీడ కూడా ఉంటుంది. గైడు చేత పంచాంగం గురించి చెప్పించుకోవాల్సింది ఇక్కడే. మాయన్లకి 260 రోజుల చక్రం ఒకటి, 365 రోజుల చక్రం ఒకటి. రెండూ మళ్ళీ ఒకే చోట కలవడానికి 52 ఏళ్ళు పడుతుంది. ప్రభవ, విభవ అని అరవై పేర్లు లెక్కపెట్టుకునే మనకి ఇది అమెరికన్ల కంటే తొందరగా బుర్రకెక్కుతుంది.

తొమ్మిది దాటాక దారులకి అటూ ఇటూ దుకాణాలు నిండుతాయి. చిరుతని పోలిన జాగ్వార్‌లా గాండ్రించే మట్టి ఈలలు ఊదుతుంటారు. పిల్లలకి ఒక్కటి కొనిచ్చారా, ఇక కారులో రెండు గంటలు చిరుతతోనే మీ ప్రయాణం. బేరమాడండి, కానీ మరీ రైతుబజారులో కొత్తిమీర కట్టకి ఆడినట్టు వద్దు. అమ్మేవాళ్ళలో చాలామంది ఇంట్లో మాయా భాషే మాట్లాడతారు. "ద్యోస్ బోతిక్" అంటే ధన్యవాదాలు. ఆ ఒక్క మాట అంటే మొహాలు విప్పారతాయి. మాయన్లు అంతరించిపోయారని వాళ్ళ ముందే మాట్లాడుకునే పెద్దమనుషులు కాస్త చూసుకోండి.

పదకొండింటికి బయటపడాలి. మీరు వస్తుంటే బస్సులు ఎదురొస్తాయి. ఆ దృశ్యం చూడ్డం నాకు చాలా ఇష్టం.

సెనోటే, తర్వాత భోజనం

యుకటాన్ అంతా సున్నపురాయి నేల, పైన నదులు పారవు. నీళ్ళన్నీ భూమి లోపలే. పైకప్పు కూలినచోట ఏర్పడిన బావే సెనోటే. మూడు కిలోమీటర్ల దూరంలో ఇక్ కిల్ ఉంది. నేల మట్టం నుంచి దాదాపు 26 మీటర్ల కింద నీళ్ళు, రాతి మెట్ల మీదుగా దిగాలి, పైనుంచి వేళ్ళు జడల్లా వేలాడుతుంటాయి. మన దిగుడుబావిని దేవుడు తవ్వితే ఇలా ఉంటుంది. దిగేముందు స్నానం తప్పనిసరి, ఒంటి మీద సన్‌స్క్రీన్ ఉండకూడదు. ఆ నీళ్ళే భూమి లోపల ఊళ్ళకి పారేది. అందుకే పొడుగు చేతుల చొక్కా వేసుకోమన్నాను. లైఫ్ జాకెట్ ఇస్తారు, గజ ఈతగాళ్ళమని బింకానికి పోకుండా వేసుకోండి, లోతు చాలా ఎక్కువ. తిన్నాక దిగొద్దు, ముందు ఈత, తర్వాతే తిండి.

భోజనం అక్కడి బఫేలో వద్దు, వయదోలిద్ వెళ్ళి తినండి. శాకాహారులు "సిన్ కార్నే, సిన్ మంతేకా" అని చెప్పాలి, మాంసం వద్దు, పందికొవ్వు వద్దు అని. రెండోది చెప్పకపోతే రాజ్మాలాంటి ఆ చిక్కుడుగింజల ముద్దలో కొవ్వు పడే అవకాశం ఉంది. "సికిల్ పాక్" అడిగి తెప్పించుకోండి. గుమ్మడి గింజలు వేయించి, కాల్చిన టమాటా, హబనేరో మిరపతో నూరిన పచ్చడి. వేడన్నం లేదే అని ఏడుపొస్తుంది. తాగడానికి "హమైకా", ఎర్రటి పుల్లటి షర్బత్తు. అది గోంగూర జాతి మొక్క కాయల మీది ఎర్ర రేకలే. మా అత్తగారు మొదటి గుక్కకే కనిపెట్టేశారు.

తర్వాత 1552లో కట్టడం మొదలైన సాన్ బెర్నార్దీనో మఠం చూసి, చౌకులో కాసేపు కూర్చుని, యుకటాన్ టైము నాలుగింటికల్లా బయల్దేరండి. పొద్దున ఊరికే వచ్చిన గంటని ఇప్పుడు తిరిగి ఇచ్చేయాలి. కాన్కున్ చేరేసరికి అక్కడ ఏడు దాటుతుంది, నవంబరులో ఆరుకే చీకటి. ఆ రాత్రికి విమానం పెట్టుకోకండి. డిన్నర్ బుకింగు ఉంటే కాన్కున్ టైము ఎనిమిదిన్నరకి పెట్టుకుని, చేతి గడియారాన్ని కారు దిగేముందే మళ్ళీ తిప్పుకోండి.