ఇంటి నెట్‌వర్క్ మనమే వేసుకుందాం – 4వ పాఠం: ఏది వైరుకి, ఏది వైఫైకి

వైరు దేనికి, వైఫై దేనికి అన్నది ఈసారి తేల్చాలి. కానీ ముందు ఒక పంచాయితీ ఉంది. పోయిన పాఠం చూసి మేడమీది గదికి వైరు లాగినవాళ్లలో చాలామందిది ఒకటే గోడు: "200 ఎంబీపీఎస్ ప్లానండీ. వైఫైలో 150 వస్తోంది, వైరు పెడితే 94 దగ్గరే ఆగిపోతోంది. గోడకి చిల్లులు పెట్టింది ఇందుకా?"

94 అన్నారంటే వైరు రెండు చివరల మధ్య లింకు గిగాబిట్‌లో (అంటే 1000 ఎంబీపీఎస్‌లో) కాక 100లో కలిసిందన్నమాట. విండోస్ 11లో ఈథర్నెట్ సెట్టింగ్స్ తెరిస్తే లింక్ స్పీడ్ 100/100 అని కనబడుతుంది. ఏదో ఒక చివర పోర్టే 100ది అయితే వైరుని తిట్టి లాభం లేదు. రెండు పోర్టులూ గిగాబిట్‌వే అయితే వైరు చివరల కనెక్టర్లు చూడండి. 100కి వైరు లోపలి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి.

"వైరు టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి కదండీ" అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. తీగ ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా ఉందా అన్నదే ఆ చవక టెస్టర్ చూసేది. ఏ తీగ దేనితో మెలిపడి ఉందో దానికి తెలియదు. వైరులో ఎనిమిది తీగలూ రెండేసి మెలిపడి నాలుగు జంటలుగా ఉంటాయి. కనెక్టర్‌లో 3, 6 పిన్నులకు ఒకే జంట వెళ్లాలి. చూడ్డానికి బాగుందని తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెల్ల-నీలం, నీలం అని పేర్చారనుకోండి, 3లో తెల్ల-ఆకుపచ్చ, 6లో నీలం పడతాయి. ఆ రెండూ వేరే జంటలవి. బయటి గోలని రద్దు చేసేది ఆ మెలికే. జంట విడిపోతే ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లోకి కారుతుంది. రెండు చివరలా ఒకే తప్పు చేస్తే లైట్లు చక్కగా వెలుగుతాయి, నెట్ మాత్రం ఏడుస్తుంది. సరైన వరస: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. కనెక్టర్ దగ్గర మెలిక అర అంగుళం మించి విప్పకండి. రాగి పూసిన అల్యూమినియం వైరు చవకగా వస్తుంది, కొనకండి.

ఇక అసలు పాఠం. కదలని వస్తువుకి వైరు, చేతిలో తిరిగేదానికి వైఫై. డెస్క్‌టాప్, రెండో రౌటర్, సీసీ కెమెరా రికార్డర్ వైరుకే. చాలా టీవీల్లో ల్యాన్ పోర్టు (వైరు గుచ్చేది) 100దే ఉంటుంది, అయినా నేను టీవీకి వైరే పెడతాను. 4కే సినిమాకి 25 ఎంబీపీఎస్ చాలు, మధ్యలో ఆగకపోవడం ముఖ్యం. వైఫైకి అపార్ట్‌మెంట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానెళ్లు 1, 6, 11, అంతే. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ వాటిలోనే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువే గానీ స్లాబు దాటేసరికి నీరసపడుతుంది. మేడమీద వైఫై కావాలంటే రిపీటర్ (వైఫై సిగ్నల్‌నే అందుకుని మళ్లీ వదిలే పెట్టె) వద్దు, వైరు లాగి రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచేలా) పెట్టండి.

అభ్యాసం: రెండు పోర్టులూ గిగాబిట్‌వే అయితే మీ వైరు రెండు కనెక్టర్లూ కోసేసి మళ్లీ వేయండి. లింక్ స్పీడ్ 1000/1000 చూపించేదాకా 5వ పాఠం తెరవకండి.