వైకీకీలో టికీ బార్‌కు వెళ్లే ముందు

టికీ బార్ అంటే పసిఫిక్ దీవుల తరహాలో అలంకరించిన బార్. హవాయిలో, హోనొలులు నగరంలోని వైకీకీలో సముద్రం ఒడ్డున, ఆకుల పందిరి కింద కూర్చుని తినడం హాయిగా ఉంటుంది. చెప్పులేసుకుని వెళ్లినా ఏమీ అనరు. బయల్దేరే ముందు మాత్రం ఇవి చూసుకోండి.

• మందు తాగాలంటే 21 ఏళ్లు నిండాలి. ఇండియా నుంచి వచ్చినవాళ్లు ఒరిజినల్ పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు.

• మై తై సంగతి జాగ్రత్త. రమ్ము, నిమ్మరసం, బాదం సిరప్ కలిపి, పైన పుదీనా రెమ్మ గుచ్చి ఇస్తారు. చల్లగా, తియ్యగా జ్యూస్‌లా దిగిపోతుంది, లేచి నిలబడ్డాకే తెలుస్తుంది. ఖాళీ కడుపుతో అసలు వద్దు. తాగాక అలల్లోకి దిగొద్దు, దయచేసి. గ్లాసు పట్టుకుని ఇసుకలోకీ వెళ్లొద్దు, హోనొలులు బీచ్ పార్కుల్లో మద్యం నిషేధం.

• అమ్మానాన్నలు శాకాహారులైతే ఆర్డర్ మీరే చెప్పండి. పోకే అంటే ఎక్కువగా పచ్చి చేప ముక్కలే. ముసుబి అంటే తెల్లటి అన్నం ముద్దకు నల్లటి సముద్రపు నాచు పట్టీ చుట్టినది. అన్నం మీద పెట్టేది ఎక్కువగా పంది మాంసం ముక్కే. కూరగాయల వేపుడులోనూ ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పడొచ్చు, అడిగి తెలుసుకోండి.

• సన్‌స్క్రీన్‌లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు లేకుండా చూసుకోండి. పగడపు దిబ్బల కోసం 2021 నుంచి అక్కడ వాటి అమ్మకం ఆపేశారు.

• టిప్పు 18 నుంచి 20 శాతం. బిల్లులో ముందే కలిపారేమో చూశాకే ఇవ్వండి.

• సాయంత్రం గాలి ఉండొచ్చు. పిల్లలకు పల్చటి స్వెటర్ పెట్టుకోండి.