హైడ్రోఫాయిల్ మాస్ట్‌ను ట్రాక్‌లో ఎక్కడ బిగించాలి?

వింగ్ ఫాయిలింగ్ అంటే గాలి సాయంతో, బోర్డు మీద నిలబడి నీటికి పైన తేలుతూ పోయే ఆట. ఇందులో గాలిని పట్టడానికి చేత పట్టుకునే వింగ్ ఒకటి, నీటి కింద ఉండి బోర్డును పైకెత్తే ముందు రెక్క మరొకటి. ఇక్కడ రెక్క అన్న చోటల్లా నీటి కింద ఉండేదే. ఆ రెక్కను బోర్డుకు కలిపే నిలువు కడ్డీ మాస్ట్; నీటి కింది ఈ అమరికే హైడ్రోఫాయిల్. బోర్డు అడుగున 90 మి.మీ. ఎడంతో ఉండే రెండు ట్రాక్‌లలో, అంటే పొడవాటి గాడులలో, మాస్ట్ పైకొనన ఉండే ప్లేటును సాధారణంగా నాలుగు ఎం8 (8 మి.మీ.) బోల్టులతో బిగిస్తారు. వాటిని వదులు చేస్తే మాస్ట్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. చేత్తో జరిపేది మాస్ట్‌నే అయినా, అసలు మారేది నీరు ఎత్తే చోటుకూ మీ బరువు పడే చోటుకూ మధ్య ఉన్న దూరం.

మాస్ట్‌ను ముందుకు జరిపితే బోర్డు ముక్కు లేవబోతుంది కనుక ముందు కాలితో అదిమి పట్టాలి. వెనక్కి జరిపితే బోర్డు త్వరగా లేవదు, లేచాక కూడా వెనుక కాలితో నొక్కుతూనే ఉండాలి. అందుకని మొదట పాదాలు పెట్టే చోటును ఖాయం చేసుకుని, తయారీదారు గుర్తు ఉంటే అక్కడ, లేకపోతే ట్రాక్ మధ్యలో బిగించి, పది నిమిషాలు నడిపి చూడాలి. ముందు కాలి తొడ మండుతుంటే మాస్ట్‌ను 5 మి.మీ. వెనక్కి, వెనుక కాలు అలసిపోతుంటే అంతే ముందుకు జరపాలి. పాదాలను జరిపి సర్దుకునేవారు చాలామంది ఉన్నారు. అది తాత్కాలికంగా పనికొస్తుంది గానీ, జైబ్‌లో (గాలి వెనుక నుంచి వీస్తుండగా తిరిగే మలుపులో) కాళ్లు మార్చుకున్న ప్రతిసారీ కొత్త చోటు వెతుక్కోవలసి వస్తుంది.

రెక్క మార్చినప్పుడు కొలత టేపు తప్పనిసరి. బోర్డును ఇసుక మీద తిరగేసి, పాత రెక్క ముందంచు నుంచి వెనుకంచు దాకా ఉన్న నిడివిలో మొదటి నాలుగో వంతు దగ్గర చుక్క పెట్టి, బోర్డు తోక నుంచి ఆ చుక్కకు ఉన్న దూరాన్ని కొలవాలి. రెక్క ఎత్తే బలం దాదాపు అక్కడే కేంద్రీకృతమవుతుంది. కొత్త రెక్క బిగించాక అదే దూరం వచ్చేలా మాస్ట్‌ను జరపాలి. ఫ్యూజిలాజ్‌ను (మాస్ట్ కింది కొనకు రెక్కలను కలిపే అడ్డ కడ్డీని) మార్చడంతో రెక్క మాస్ట్ కన్నా 2 సెం.మీ. అదనంగా ముందుకు వచ్చి ఉంటే, మాస్ట్ అంతే వెనక్కి వెళ్లాలని ఈ కొలతే చెబుతుంది.

ఆపైన రెక్క పరిమాణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే, కోణం మారకుండా వేగం 1.4 రెట్లయితే బలం సుమారు రెట్టింపవుతుంది. 1,700 చ.సెం.మీ. రెక్క నెమ్మదిగా పోతున్నప్పుడే లేస్తుంది కాబట్టి, గాలి పెరిగితే దాన్ని కింద ఉంచడమే కష్టమవుతుంది. అప్పుడు మాస్ట్ వెనక్కి ఉండాలి. 1,000 చ.సెం.మీ. రెక్కకు మారినప్పుడు సాధారణంగా 1 సెం.మీ. ముందుకు జరిపి మొదలుపెట్టవచ్చు.

అలల సంగతికి హవాయిలో మావీ దీవి ఉత్తర తీరాన ఉన్న కనాహా మంచి ఉదాహరణ. ఈశాన్య వ్యాపార పవనాలు వీచే ఆ తీరంలో పగడపు దిబ్బకు లోపల చిన్న చిన్న తరంగాలు, బయట విరిగే పెద్ద అలలు ఒకే చోట దొరుకుతాయి. అల ముఖం మీద నీరే పైకి కదులుతుంటుంది, పైగా బోర్డు వాలున జారి వేగం పుంజుకుంటుంది. ఈ రెండూ కలిసి రెక్కను ఉపరితలానికి తోస్తాయి. రెక్క నీటి బయటికి వచ్చిందంటే బలం ఒక్కసారిగా పోయి ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది. కనుక బయటి అలలకు వెళ్లేవారు 5 నుంచి 10 మి.మీ. వెనక్కి జరపడం క్షేమం. గాలి మందంగా ఉండి, పంప్ చేస్తూ (కాళ్లతో బోర్డును పైకీ కిందికీ ఊపుతూ) లేవవలసిన రోజున అంతే ముందుకు జరపాలి. కాకపోతే ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. స్టెబిలైజర్ (వెనుక ఉండే చిన్న రెక్క) కోణాన్ని మార్చే పలుచని ముక్కను, అంటే షిమ్‌ను కూడా అప్పుడే మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

బిగించేముందు ట్రాక్‌లోని ఇసుకను మంచినీటితో కడగాలి, లేకపోతే బోల్టును పట్టి ఉంచుతూ ట్రాక్‌లో జరిగే టీ-నట్ ఇరుక్కుంటుంది. ఉప్పునీటికి బోల్టులు పట్టేయకుండా మరలకు గ్రీజు రాసి, నాలుగింటినీ ఎదురెదురు మూలల వరుసలో కొద్దికొద్దిగా బిగించాలి. కుదిరిన చోటును పెయింట్ మార్కర్‌తో గీసి, పక్కన రెక్క సైజు రాసుకోవాలి. పెన్సిల్ గీత మొదటి రోజే చెరిగిపోతుంది. మొదటి పరుగు తర్వాత ఒడ్డుకు వచ్చి బోల్టులను మరోసారి తిప్పి చూడాలి.