ట్రాక్‌లోకి దిగే ముందు

ముందుగా బూట్లు. సింథటిక్ ట్రాక్‌పై స్పైకు (బూటు అడుగున ఉండే మొన) పొడవు 9 మిల్లీమీటర్లు మించకూడదు. హైజంప్, జావెలిన్‌లకు మాత్రం 12 వరకు అనుమతి ఉంది. వదులైన స్పైకులను ముందురోజే బిగించండి. కొత్త జతను పోటీరోజే తొలిసారి తొడగడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

బిబ్ (పోటీదారు నంబరు రాసిన పట్టీ), దాన్ని గుచ్చే పిన్నులు సంచిలో పైనే ఉండాలి. ఫోను కోచ్‌కి ఇచ్చేయండి, పోటీ జరిగే చోటికి తీసుకెళ్లనివ్వరు.

అనేక క్రీడలు కలిసి జరిగేచోట వేళలు మారుతుంటాయి. కాల్‌రూమ్‌లో (పోటీకి ముందు హాజరు చూసే గది) ఉండాల్సిన సమయం నుంచి వెనక్కి లెక్కవేసి వార్మప్ మొదలుపెట్టండి. మీరు పాల్గొనే రెండు పోటీలు ఒకేసారి పడితే రిఫరీకి ముందే చెప్పండి.

జలుబు మాత్రైనా జట్టు వైద్యుడికి చూపకుండా మింగవద్దు, అందులో నిషేధిత మందు ఉండొచ్చు.

స్ప్రింటర్లు గుర్తుంచుకోవాలి: డెకాథ్లాన్ (పది అంశాల పోటీ) వంటి సంయుక్త పోటీల్లో తప్ప, ఒక్క ఫాల్స్ స్టార్ట్‌తోనే (సంకేతానికి ముందే పరుగు మొదలుపెట్టడం) అనర్హత.