పేపర్‌తో ఇంగ్లీషు, 4వ పాఠం: సెన్సార్ అయింది అంటే అర్థం ఏంటి?

పోయిన పాఠంలో బైలైన్, డేట్‌లైన్, స్కూప్ చూశాం, అవి వచ్చేశాయనుకుని ముందుకెళ్తున్నా. ఈసారి ప్రెస్ ఫ్రీడమ్, మన పత్రికా స్వేచ్ఛ. ఈ మాటల్ని విడివిడిగా బట్టీ పడితే రెండ్రోజుల్లో మర్చిపోతారు, అందుకే అన్నీ ఒక్క కథలోంచే తీస్తాను. 1975 ఎమర్జెన్సీ.

జూన్ 25 రాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌కి కరెంటు తీసేశారు. చాలా పత్రికల ప్రెస్సులున్న వీధి అది, తెల్లారి వాటిలో చాలా పేపర్లు రాలేదు. ఇప్పుడు ఇంగ్లీషు చూడండి. 'ది పవర్ వెంట్ ఆఫ్' అంటే కరెంటు పోయింది. 'ది పవర్ వాజ్ కట్' అంటే ఎవరో తీసేశారు, కానీ ఎవరో చెప్పలేదు. ఇంగ్లీషు వార్తల్లో ఈ 'వాజ్' కనపడినప్పుడల్లా ఆగి, చేసిందెవరు అని అడగడం అలవాటు చేసుకోండి, సగం పేపర్ అక్కడే అర్థమవుతుంది.

తర్వాత వచ్చింది ప్రీ-సెన్సార్‌షిప్. ప్రీ అంటే ముందు, అంటే వార్త అచ్చుకి వెళ్లకముందే అధికారికి చూపించాలి, ఆయన సరే అంటేనే వెయ్యాలి.

మనవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. తెలుగులో 'సినిమా సెన్సార్ అయింది' అంటే పని పూర్తయింది, ఇక రిలీజే అని సంతోషంగా చెప్తాం. ఇంగ్లీషులో 'ది ఫిల్మ్ వాజ్ సెన్సార్డ్' అంటే కోతలు పడ్డాయని. ఒక ఇంటర్వ్యూలో నేను ఇదే మాట నవ్వుతూ అంటే, ఎదురుగా ఉన్నాయన పాపం అన్నట్టు మొహం పెట్టి ఏ సీన్లు తీసేశారని అడిగారు. మీరు మాత్రం 'క్లియర్డ్' అనో 'సర్టిఫైడ్' అనో అనండి. సెన్షర్ అని ఇంకో మాటుంది, దీనికి చుట్టమే గానీ అర్థం వేరు: గట్టిగా తప్పుపట్టడం, అభిశంసన.

జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటుని ఖాళీగా వదిలేసింది. దీన్ని 'ది పేపర్ ర్యాన్ ఎ బ్లాంక్ ఎడిటోరియల్' అంటారు. ఈ రన్ పరుగు కాదు, పత్రికలో వెయ్యడం. 'దే రిఫ్యూజ్డ్ టు రన్ ది స్టోరీ' అంటే ఆ వార్త వెయ్యడానికి ఒప్పుకోలేదని.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది, అదే రోజు బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియాలో చావు కబుర్ల కాలమ్‌లో వచ్చిన ఒక చిన్న ప్రకటన. పోయినాయన ఇంటిపేరు డి'ఓక్రసీ, ఇనిషియల్స్ డి.ఇ.ఎమ్., భార్య టి. రూత్, కొడుకు ఎల్.ఐ. బర్టీ, తోబుట్టువులు ఫెయిత్, హోప్, జస్టీషియా, పోయింది జూన్ 26న. పేర్లు కలిపి గబగబా చదవండి: డెమోక్రసీ, ట్రూత్, లిబర్టీ, చివర్లో జస్టిస్. ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని సెన్సార్ కళ్ల ముందే పేపర్లో వేసుకున్నారన్నమాట! ఈ కాలమ్ పేరు ఆబిచువరీ. అందులో వాడిన మాట 'ఎక్స్‌పైర్డ్'. మన దేశంలో మనుషులకీ వాడతాం గానీ బయటి దేశాల్లో అది ఎక్కువగా మందుబిళ్లలకీ లైసెన్సులకీ వాడే మాట, మనిషికైతే 'డైడ్' లేదా 'పాస్డ్ అవే' అనండి.

ఇంకో రెండు క్రియలు. ఎమర్జెన్సీ అయ్యాక ఆడ్వాణీ పత్రికలవాళ్లతో, మిమ్మల్ని బెండ్ అవ్వమంటే మీరు క్రాల్ చేశారు అన్నారు. బెండ్ వంగడం, క్రాల్ పాకడం. చంటిపిల్లలు పాకితే ముచ్చట, ఎడిటర్లు పాకితే తిట్టు.

హోంవర్క్: రేపటి ఇంగ్లీషు పేపర్ మొదటి పేజీలో 'వాజ్', 'వర్' తర్వాత క్రియ ఉన్న వాక్యాలు ఐదు పట్టుకోండి, ప్రతిదాని పక్కనా చేసిందెవరో తెలుగులో రాయండి, తెలియకపోతే ఖాళీ వదిలేయండి. వచ్చే పాఠంలో పరువునష్టం: లైబెల్, స్లాండర్.